పుచ్చు లేని వంకాయలు

మా తమ్ముడు పంపే సంచి ప్రతి శుక్రవారం పొద్దున్నే మా పలాస కాశీబుగ్గలో దిగేది. మా ఊరి నుంచి కూరగాయల బస్తాలు తెచ్చే ఆటోలోనే అదీ వచ్చేది. ఆటో అతను దాన్ని టీ కొట్టు అరుగు మీద పెట్టి నాకు ఫోన్ చేసేవాడు. నేను స్కూలుకు వెళ్లే దారిలోనే ఆ కొట్టు. స్కూటీ ఆపి, సంచి మూతి విప్పి, అక్కడే ఒకసారి చూసుకునేదాన్ని. నిగనిగలాడే వంకాయలు, లేత బెండకాయలు, ఒక్కోసారి పొట్లకాయలు. స్టాఫ్ రూములో ఆ సంచి నా కుర్చీ పక్కన పెట్టుకుంటే ఎక్కడలేని గర్వం. తోటి టీచర్లు అడిగితే నాలుగు కాయలు తీసి ఇచ్చేదాన్ని, ప్రసాదం పంచుతున్నంత బిల్డప్‌తో. "పురుగుమందు వాసన కూడా తగలనివి, మా పుట్టింటి ఇంటి చెక్కవి" అని చెప్పకుండా ఎవరి చేతిలోనూ పెట్టేదాన్ని కాదు.

నాకు నోరు ఎక్కువని మా స్కూల్లో అటెండరుకు కూడా తెలుసు. ఆ సంచి విషయంలో ఇంకా ఎక్కువ.

కారణం ఉంది. నాలుగేళ్ల కిందట మా ఆయనకు రక్తపరీక్షలో క్రియాటిన్ కాస్త ఎక్కువగా ఉందని చెప్పారు. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే అంకె అది. వేరే ఊళ్లలో ఇద్దరు కలిస్తే పిల్లల చదువుల గురించి అడుగుతారు. మా ఉద్దానంలో "క్రియాటిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతారు. డాక్టరు కంగారు పడక్కర్లేదన్నాడు. మూడు నెలలకోసారి పరీక్ష చేయించమన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు, నొప్పి మాత్రలు మింగొద్దన్నాడు. అసలు ఈ జబ్బు ఎందుకొస్తోందండీ అని అడిగితే పెదవి విరిచాడు. నీళ్లంటారు, ఎండలో చాకిరీ అంటారు, మట్టి అంటారు, పురుగుమందులంటారు. ఎవరూ తేల్చలేదు. తేలని చోట ఎవరి భయం వాళ్లది. నా భయం వంటింట్లో కూర్చుంది. తాగే నీళ్లు మార్చాను. బజారు కూర మానేశాను. ఇంటి చెక్కలో పండింది తప్ప ఇంకో కూరగాయ ఆయన కంచంలో పడకూడదని పట్టుబట్టాను. ఆయన నవ్వేవారు. "మీ తమ్ముడి వంకాయకు కొబ్బరికాయ కొట్టి హారతి కూడా ఇచ్చెయ్" అనేవారు. నవ్వుతూనే తినేవారు, నన్ను నమ్మి.

ఇంటి చెక్క అంటే ఏమిటో చెప్పాలి. మా ఊరు పలాస నుంచి సముద్రం వైపు ఆటోలో ముప్పావు గంట. జీడితోటలు దాటాక కొబ్బరి, కొబ్బరి నీడలో కూరగాయలు. ఇసుక కలిసిన ఎర్రనేల. మాకున్నది ఎకరం చిల్లర. నా చిన్నప్పుడు దానికి ఒకటే పేరు, తోట. పురుగుమందులు వచ్చాక నాన్న గట్టు వేసి దాన్ని రెండు చేశాడు. నూతి పక్కనున్న పదిహేను సెంట్లు ఇంటి చెక్క. గట్టుకు అవతలున్నదంతా సంత చెక్క. సంత చెక్కలో మందు కొట్టేవాడు, ఇంటి చెక్కలో కొట్టేవాడు కాదు. ఇందుకు సభలూ తీర్మానాలూ ఏమీ జరగలేదు. మా ఊళ్లో కాస్త నేల ఉన్న ప్రతి ఇంటికీ అలా రెండు ముక్కలుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. ఊరి బయటకు పోయేదానికి మందు, మన నోటికి పోయేదానికి వద్దు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల నోరు కూడా మన నోటి లెక్కే. నాన్న ఉన్నన్నాళ్లూ నా సంచి ఇంటి చెక్క నుంచే వచ్చింది.

ఆ ముక్కకు నాన్న చేసిన చాకిరీ ఇంతా అంతా కాదు. వేసవిలో చెరువు ఎండితే అడుగు మట్టి బండికెత్తి తెచ్చి పరిచేవాడు. గొర్రెల మంద తోలించి మూడు రాత్రులు అక్కడే ఉంచేవాడు. భావనపాడు వెళ్లి, చేపలు ఎండబెట్టే కళ్లాల్లో ఊడ్చిపారేసిన పొట్టూ తలకాయలూ గోనెలకెత్తి తెచ్చి, గుంటలో పేడతో కలిపి కప్పెట్టేవాడు. ఆ కంపుకి అమ్మ వారం రోజులు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తిరిగేది, నాన్నకు అన్నం కూడా అలాగే వడ్డించేది. తొలకరి పడ్డాక నాన్న గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించి తెరిచేవాడు. ముద్దగా నిలబడి, వేలితో తాకగానే విడిపోతే ముఖంలో వెలుగొచ్చేది. సంత చెక్కలో ఆయన అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు. ఆ నేల ఎలా ఉందో ఎవరం అడగలేదు. ఎంత కాసిందో మాత్రమే అడిగాం.

ఇంటి చెక్క వంకాయలు చూపుకు బాగుండేవి కావు. మచ్చలు, వంకరలు, కాయకో కన్నం. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఒక్కో కాయనీ చీల్చి, పుచ్చు ఉన్నంత మేరా చెక్కి పారేసి, మిగిలింది నీళ్లలో వేసేది. పది కాయలు కోస్తే ఆరు కాయల కూర. గట్టుకు అవతల ఒక్క కాయకూ కన్నం ఉండేది కాదు. ఇదంతా చూస్తూ పెరిగినదాన్ని. అయినా, తమ్ముడు పంపే సంచిలో ఏళ్ల తరబడి ఒక్క పుచ్చు కాయ రాకపోతే నాకు అనుమానం రాలేదు. ఎందుకంటే మా వైపు ఆడపడుచుకు పంపేదాంట్లో పుచ్చు ఉండకూడదు. జీడిపప్పయినా, వంకాయయినా ఏరి పంపాలి. కాబట్టి నా తమ్ముడు గంపెడు కాయలు ముందేసుకుని, కన్నాలున్నవి తన పిల్లలకు ఉంచుకుని, బాగున్నవి అప్పకు పంపుతున్నాడనుకున్నాను. మా ఇళ్లలో అక్కను అప్ప అంటారు. అది తలచుకుని సంచి ముందు కళ్లనీళ్లు పెట్టుకున్న రోజులున్నాయి. ఆ కన్నీళ్లు తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

కిందటి ఏడాది వానాకాలం చివర్లో తుపాను వస్తుందని స్కూళ్లకు రెండు రోజులు సెలవిచ్చారు. ఆ మాటను ఉద్దానంలో ఎవరూ తేలిగ్గా తీసుకోరు. అంతకు ముందొక తుపానుకు మా కొబ్బరిచెట్లు ముప్పాతిక వంతు పడిపోయాయి. ఈసారి మాత్రం అది ఒక రోజు వాన కురిపించి, దారి మార్చుకుని ఒడిశా వైపు పోయింది. రెండో రోజు, గురువారం, చక్కగా ఎండ కాసింది. సెలవు సెలవే కాబట్టి ఎవరికీ చెప్పకుండా మా ఊరు బయలుదేరాను.

వెళ్లేసరికి మరదలు వంటింటి గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. అప్పుడే కూర మొదలుపెట్టినట్టుంది, రెండు కాయలే తరిగింది. నన్ను చూసి చేతిలో కాయను చటుక్కున గంపలో పడేసింది.

"సెప్పకుండా వొచ్చీసినావేటి వదినా?" అంది.

గంపలో అన్నీ కన్నాల వంకాయలు. గోడకు చేరేసి నా సంచి, నేను కుట్టించిన నీలం గళ్ల సంచి, మర్నాటి ఆటోకు సిద్ధంగా ఉంది. దాన్నిండా నున్నటి కాయలు. నమ్మండి, ఆ క్షణంలో కూడా నాకు తమ్ముడి మీద ప్రేమే పొంగింది. "మంచివన్నీ నాకెందుకే, పిల్లలకుంచండి" అన్నాను. మరదలు తలెత్తలేదు. తమ్ముడేడని అడిగితే తోటలో ఉన్నాడంది.

నేను మా ఊరు వెళ్లినా పెరటి గుమ్మం దాటి చాలా ఏళ్లయింది. టీచరమ్మను కదా, చీర కుచ్చిళ్లకు మట్టి అంటుతుందని మంచం మీదే కూర్చుని కాఫీ తాగి వచ్చేసేదాన్ని. ఆ రోజు ఎందుకో వెళ్లాను. నూతి దగ్గరకు వచ్చి ఆగిపోయాను. గట్టు జరిగిపోయింది. నాన్న వేసిన గట్టు ఆనవాలు కూడా లేదు, కొత్త గట్టు నూతికి నాలుగడుగుల దూరంలో ఉంది. మధ్యలో మిగిలింది ఒక చీర ఆరేసుకునేంత చోటు. అందులో పన్నెండు వంగ మొక్కలు, ఆకుల మీద బూడిద చల్లి ఉంది. అంతే. బెండ మొక్క ఒక్కటి లేదు. పొట్ల పందిరి లేదు.

గట్టుకు అవతల బెండ ఉంది, పొట్ల ఉంది, వరసలు వరసలుగా వంగ ఉంది. వరసల మధ్య మా తమ్ముడు వీపున పంపు కట్టుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని మందు కొడుతున్నాడు. వాన వెలిసింది, మందు కడుక్కుపోదు, మర్నాడే సంత. అతనికి అది మంచి రోజు.

నన్ను చూసి పంపు ఆపాడు. తువ్వాలు కిందికి లాగాడు.

"ఎప్పుడొచ్చినావు అప్పా?"

"నా సంచిలో బెండకాయలు ఏ చెక్కవిరా?"

అర్థం కానట్టు చూశాడు. అర్థమైందని నాకు తెలుసు, వాణ్ని ఎత్తుకుని పెంచినదాన్ని. పంపు దింపి, దాని బెల్టు అక్కర్లేకపోయినా సరిచేస్తూ నిలబడ్డాడు.

"సంత సెక్కవే."

"వంకాయలు?"

"అవీని."

"ఎన్నాళ్ల నుంచి?"

"కొబ్బరి పడిపోనాది కదా. అప్పటి నుంచి."

తల కొట్టేసినట్టయింది. కొబ్బరి పడింది మా ఆయన రక్తపరీక్షకు ముందే. అంటే నేను పట్టుబట్టిన మొదటి రోజు నుంచీ, మొదటి ముద్ద నుంచీ. దేనికి భయపడి బజారు మానేశానో దాన్నే వారం వారం స్కూటీ మీద మోసుకొచ్చి, నూనెలో మగ్గబెట్టి, ఇంకాస్త వేసుకోండి అని బతిమాలి పెట్టాను. బజారువైతే కనీసం ఉప్పునీళ్లలో గంటసేపు నానబెట్టేదాన్ని. ఇంటివి కదా అని ఒక్కసారి ముంచి తీసేదాన్ని. ఆయన జబ్బు దానివల్లేనని నేను అనడం లేదు. ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? కానీ కాదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పే దారి కూడా నాకు లేకుండా చేశాడు నా తమ్ముడు.

నా నోట్లోంచి కూడా ఊరి మాటే వచ్చేసింది. "బావకి ఒంట్లో బాగోదని తెల్సి గూడా ఎలాగ పంపినావురా? ఇంటి మనిసిననుకున్నాను. నన్నట్టికెళ్లి సంతలో కలిపీసినావు!"

"అలాగనకప్పా" అన్నాడు. "నీడ పోనాక ఇంటి సెక్క మాడిపోనాది. సెరువు మట్టి తోలుదామంటే బండేదీ, మనిసేడీ? మందు నేకుండా ఎన్ని కాత్తాయి? నువ్వు సూత్తే వారం వారం సంచంటావు. ఆడపడుసుకి ఖాళీ సంచి ఎలాగ పంపుతాను? నాన్న పంపేడు, ఈడు మానీసినాడనరేటి?"

"ఉన్నమాట చెప్పి చావొచ్చుగా!"

"సెప్పుదామనే ఫోన్ సేసేను, రెండు మూడు సార్లు. నువ్వెత్తగానే, ఒరే, నీ వంకాయలు తినే బావ నిలబడ్డారురా అనీదానివి. అప్పుడింకేటి సెప్తాను?"

నిజమే. అలాగే అనేదాన్ని. వాడికి మాట్లాడే సందు ఇచ్చేదాన్ని కాదు. అయినా కోపం తగ్గలేదు, ఇంకో వైపు తిరిగింది. చేత్తో ఆ వరసలన్నీ చూపిస్తూ, "ఇదంతా ఎవరి నోట్లో పెడదామని పండిస్తున్నావురా?" అని అరిచాను.

"పలాసోలకి" అన్నాడు, చాలా మామూలుగా. "ఎప్పుడూ ఆలకే కదప్పా. నువ్వెప్పుడయినా అడిగినావా?"

అడగలేదు. అంతకంటే ఘోరమే చేశాను. ఎనిమిదో తొమ్మిదో ఏళ్లప్పుడు సెలవు రోజుల్లో అమ్మతో పాటు పలాస సంతకు వెళ్లి గోనె మీద కూర్చునేదాన్ని. కాయలు ఏరుతూ ఆడవాళ్లు, "మందు కొట్టినారా పిల్లా?" అని అమ్మను కాకుండా నన్నే అడిగేవారు. చిన్నపిల్ల అబద్ధమాడదని వాళ్ల నమ్మకం. "లేదమ్మా, మేమూ ఇవే తింటాం" అనేదాన్ని, తల అడ్డంగా ఊపుతూ, కళ్లు పెద్దవి చేసి. అమ్మ నేర్పింది నాలుగు మాటలే. కళ్లు పెద్దవి చేయడం నా సొంతం. చంకలో పిల్లనెత్తుకుని వచ్చిన ఒకావిడ నా బుగ్గ పుణికి మరీ రెండు వీశెలు కొనుక్కెళ్లింది. ఆవిడ చంకలో పిల్ల ఏం తిని పెరిగిందో ఏనాడూ నాకు పట్టలేదు. పలాసవాళ్లు అంటే మాకు మనుషుల్లా కాక, సంత చెక్క పంట పోసే చోటులా ఉండేవారు. పెళ్లయి పలాస కోడలినై, పలాసలో ఇరవై రెండేళ్లు కాపురం చేసి కూడా, నేను పలాసదాన్ని కాదనే అనుకుంటూ వచ్చాను.

తమ్ముడి ముఖం చూడలేక కిందకు వంగి సంత చెక్కలో మట్టి తీయబోయాను. పైన తెల్లగా పొర కట్టి ఉంది. గోటితో గీకితే పెచ్చులా లేచింది. కింద మట్టి పిడికిట్లో నిలవలేదు, బూడిదలా జారిపోయింది. ముందు రోజు అంత వాన పడినా తడి లోపలికి దిగలేదు. పురుగు లేదు, వానపాము లేదు, వాసన కూడా లేదు, ఒక్క మందు వాసన తప్ప. మా నాన్న కొట్టినంత కాలం, తరవాత వీడు కొట్టినంత కాలం, ఈ నేల ఏమీ అనకుండా కాసింది. మాకంటే ముందు మోసపోయింది ఇదే. నేను ఆరో తరగతికి నేల గురించి పాఠం చెబుతాను, బోర్డు మీద రంగు సుద్దలతో పొరలు గీసి మరీ.

"ఇకనుంచి ఇంటి చెక్కవే పంపు" అన్నాను లేస్తూ. "ఒక పూటకొచ్చినా చాలు. బావకొక్కడికే పెడతాను."

"అలాగేనప్పా" అన్నాడు వెంటనే. బతికిపోయానన్నట్టు అన్నాడు.

మరదలు ఎప్పుడు వచ్చిందో, గంప చంకన పెట్టుకుని నూతి దగ్గర నిలబడి ఉంది. మా కేకలన్నీ విన్నట్టుంది.

"అయితే మా పిల్లలకి ఏటి పెట్టమంటావు వదినా?" అంది.

గొంతు పెంచలేదు. ఎత్తిపొడుపు కూడా కాదు. ఏమైనా దారి చెబుతానేమోనని అడిగింది, చదువుకున్నదాన్ని కదా. తమ్ముడు ఊరుకోమన్నాడు. ఆమె ఊరుకోలేదు.

"ఆ పన్నెండు మొక్కలూ నాను సూసుకుంటన్నాను. పొద్దున్నే లేసి పురుగులేరతాను, బూడిద జల్లతాను. నడ్డి పడిపోతాది. పిల్లలు సిన్నోళ్లని, ఆల మట్టుకు అయినా మందు నేనిది పెట్టాలని. వారానికి రెండు పూటలకి సరి. మీ తమ్ముడూ నానూ అవతలివే తింటాం, ఆ సంగతి నీకు తెల్దు."

తెలీదు. వాడు తను తిననిదాన్ని నాకు పంపాడనుకుని అంతసేపూ తిట్టాను. వాడు తినేదే నాకూ పంపాడు. ఇంటి చెక్క ఇప్పుడు ఇద్దరు పిల్లల కంచాలకు మాత్రమే మిగిలింది. పదేళ్ల పిల్ల, ఆరేళ్ల గుంటడు.

అక్కడ నేను ఏదో ఒకటి అనాల్సింది. సరేలేవే, ఉంచు, అనాల్సింది. నోరు ఎక్కువైనదాన్ని, మాటలు లేక కాదు. ఆయన కంచం కళ్ల ముందు మెదిలింది. మూడు నెలలకోసారి రిపోర్టు కవరు విప్పేటప్పుడు ఆయన నా ముఖం వైపు చూసే చూపు మెదిలింది.

"ఆయనకి ఒంట్లో బాగోలేదమ్మీ" అన్నాను.

దానికి ఎదురు చెప్పే మాట ఉండదు. ఉండదని తెలిసే అన్నాను. మరదలు లోపలికి వెళ్లి నా సంచి తెచ్చి, అందులోని నున్నటి కాయలన్నీ నూతి గట్టు మీద గుమ్మరించింది. గంపలోని కన్నాల వంకాయలు అందులో పోసింది. ఆమె పోస్తుంటే సంచి మూతి తెరిచి పట్టుకున్నది నేనే.

అప్పుడే పిల్లలు పక్కింటి నుంచి పరుగెత్తుకొచ్చారు. అత్త వచ్చిందని గుంటడు నా కాళ్లకు చుట్టుకున్నాడు. పెద్దది తల్లి కొంగు పట్టుకుని ఆకలంది, కూర ఏమిటని అడిగింది. మరదలు గంప తీసుకుని గట్టు దాటింది. నూతి గట్టు మీద పోసినవి ఆమె ముట్టుకోలేదు. ఎంత కాదన్నా అవి ఆడపడుచు సంచిలోవి.

"అటు కాదు, ఆ వరస ఇంకా తడారనేదు" అన్నాడు తమ్ముడు. "ఇటేపు కొయ్యి. ఇటు మొన్న కొట్టినాను."

ఆమె అటు నుంచి ఇటు తిరిగి, వంగి, కాయలు కోయడం మొదలుపెట్టింది. పలాస ఆటో వీధి మలుపులో హారన్ కొట్టింది. సంచి చంకలో పెట్టుకుని, వస్తానని చెప్పి, ఎక్కేశాను.